డాక్టర్లు ఇంటికి పంపేసిన మనిషికి పింఛను కోరుతూ గ్రామ సభ తీర్మానం

అనంతపురం జిల్లా, కళ్యాణదుర్గం రెవెన్యూ డివిజన్‌. గ్రామ పంచాయతీ కార్యాలయ ఆవరణలో జరిగిన గ్రామ సభ.

విషయం: నయం కాని జబ్బుతో చివరి దశలో ఇంటి దగ్గర ఉన్నవారికి నెలవారీ పింఛను, వారిని చూసుకునేవారికి భృతి, నొప్పి మందు, ఇంటి వద్దకే నర్సు సేవ కల్పించాలని రాష్ట్ర ప్రభుత్వాన్ని కోరడం, పంచాయతీ తన వంతుగా చేయగలిగిన పనులను నిర్ణయించుకోవడం.

ఆంధ్రప్రదేశ్ పంచాయతీ రాజ్ చట్టం, 1994 ప్రకారం సమావేశమైన ఈ గ్రామ సభ పై విషయాన్ని చర్చించి, దిగువ రాసిన మేరకు తీర్మానించింది. రోగుల పేర్లు గానీ, వారికి వైద్యం చేసిన ఆసుపత్రుల పేర్లు గానీ ఇందులో రాయలేదు. అవి ఊరంతా ఎరిగినవే, కానీ కాగితమెక్కిన పేరు ఎవరి చేతుల్లో తిరుగుతుందో చెప్పలేం.

సభ దృష్టికి వచ్చిన పరిస్థితి

మా మండలంలో ఎవరికైనా గొంతులోనో, గర్భసంచిలోనో, రొమ్ములోనో గడ్డ ఉందని తేలితే మొదట అనంతపురం సర్వజన ఆసుపత్రికి పోతారు. అక్కడి నుంచి కర్నూలుకో, తిరుపతికో, రెండు వందల కిలోమీటర్ల పైచిలుకు దూరంలోని బెంగళూరు కిద్వాయి ఆసుపత్రికో తిరుగుతారు. ఆపరేషనుకు, కరెంటు పెట్టడానికి, కీమోకు ఆరోగ్యశ్రీ ఆదుకుంటుంది. ఇప్పుడు దాని పేరు ఎన్టీఆర్ వైద్య సేవ. పేరు ఎన్నిసార్లు మారినా ఆ కార్డు నిలబెట్టిన ప్రాణాలు మా ఊళ్లో ఉన్నాయి, ఆ మేలును ఈ సభ మరిచిపోలేదు. అయితే ఏదో ఒక రోజు డాక్టరు కొడుకునో అల్లుడినో పక్కకు పిలిచి, "ఇక చేసేదేమీ లేదు, ఇంటికి తీసుకుపోండి" అంటాడు. కార్డు డబ్బు ఇచ్చేది ఆసుపత్రిలో జరిగే చికిత్సకు. చికిత్స ఆగిన రోజే కార్డు పని కూడా అయిపోతుంది. ఖర్చు మాత్రం ఆగదు.

పుండు కట్టడానికి దూది, గాజుగుడ్డ కొనాలి. మూత్రం గొట్టం మార్చాలి. ముక్కులో పైపు వేసినవారికి పాలపొడి కావాలి. పెద్దవాళ్ల డైపర్లు పాలపొడికన్నా ఎక్కువ డబ్బు తింటాయి. మాత్రల కోసం మళ్లీ బెంగళూరు బస్సెక్కాలి. రోగి సంపాదన ఎప్పుడో పోయింది. పక్కన కూర్చున్న భార్యదో కూతురిదో కూలీ కూడా ఇప్పుడు పోతుంది. మా పల్లెల్లో ఇలాంటి ఇంటి లెక్క ఒక వరసలో నడుస్తుంది: మొదట పాడి గేదె, తర్వాత పుస్తెల తాడు, ఆ తర్వాత నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పు, చివరికి చేను తాకట్టు. మనిషి పోయేనాటికి ఆ ఇంట్లో మిగిలేది ప్రామిసరీ నోటు.

ఇది క్యాన్సర్ ఒక్కదాని సంగతి కాదు. ఊపిరితిత్తులు పాడైపోయి పది అడుగులు నడవలేనివారు, గుండె నీరసించి కాళ్లు ఉబ్బినవారు, కాలేయం చెడి పొట్టలో నీరు చేరినవారు, తాడిపత్రి వైపు బండల పాలిషింగ్ పనికి పోయి రాతి దుమ్ము పీల్చి తిరిగొచ్చినవారు కూడా ఈ లెక్కలోని వారే. రాతి దుమ్ము జబ్బుకు రాజస్థాన్ ప్రభుత్వం 2019లో ప్రత్యేక విధానమే తెచ్చి పింఛను, పరిహారం ఇస్తోంది. వారికి కూడా మా ఊరిలాంటి ఊళ్లే ఉన్నాయి మరి.

పింఛను పట్టికలో ఖాళీ

2024 జులై 1 నుంచి ఎన్టీఆర్ భరోసా కింద వృద్ధులకు, వితంతువులకు, చేనేత, మత్స్య కార్మికులకు, ఏఆర్‌టీ మందులు వాడే హెచ్‌ఐవీ బాధితులకు నెలకు 4,000 రూపాయలు అందుతోంది. దివ్యాంగులకు 6,000. డయాలసిస్ చేయించుకునేవారికి, కిడ్నీ, కాలేయం, గుండె మార్పిడి జరిగినవారికి, తలసేమియా రోగులకు 10,000. పక్షవాతంతో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి, తీవ్రమైన కండరాల క్షీణత ఉన్నవారికి 15,000. దేశంలో ఇంత పెద్ద మొత్తాలు ఇచ్చే రాష్ట్రాలు అరుదు. అందుకే ఈ పట్టికలో లేనిది కొట్టొచ్చినట్టు కనిపిస్తోంది: పక్షవాతంతో మంచాన పడితే ఒక గడి ఉంది, క్యాన్సర్‌తో అదే మంచాన పడితే లేదు. దివ్యాంగుల కోటాలో ప్రయత్నించమని గ్రామ సచివాలయంలో సలహా ఇస్తారు. అంటే సదరం స్లాటు బుక్ చేసుకోవాలి, శిబిరానికి మనిషిని మోసుకుపోవాలి, వైకల్యం ఎంత శాతమో రాయించుకోవాలి. ప్రాణం పోతున్న మనిషికి శాతం లెక్క కట్టే పద్ధతి ఆ ఫారంలో లేదు.

2019 డిసెంబరులో మొదలైన ఆరోగ్య ఆసరా పథకం, ఆపరేషను తర్వాత కోలుకునే రోజుల్లో రోజుకు 225 రూపాయలు, నెలకు 5,000 మించకుండా ఇచ్చేది. ఆలోచన మంచిదే. కానీ అది కోలుకునేవారికి. కోలుకోనివారికి ఏమిటన్న ప్రశ్న అప్పుడూ ఎవరూ అడగలేదు.

డయాలసిస్ పింఛను ఆకాశం నుంచి ఊడిపడలేదన్న సంగతిని కూడా సభ గుర్తు చేస్తోంది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం జనం తమ కిడ్నీల గోడు ఏళ్ల తరబడి చెప్పుకొని, రాష్ట్రమంతా వినేలా చేశాక వచ్చింది. మా గోడు మేమూ చెప్పుకుంటేనే వస్తుంది.

మెట్ట పొలం, తడి పొలం

పింఛను అర్హతకు మాగాణి మూడెకరాలు, మెట్ట పదెకరాలు మించకూడదన్నది నిబంధన. సగటు వాన 550 మిల్లీమీటర్లు దాటని జిల్లా ఇది. ఆ వాన కూడా జూన్‌లో రావాల్సింది సెప్టెంబరులో వస్తుంది. పన్నెండెకరాల ఎర్రనేలలో వేరుశనగ వేసి విత్తనం ఖర్చు కూడా రాని రైతు, కృష్ణా కాలువ కింద రెండున్నర ఎకరాల వరి పండించే రైతుకన్నా కలవాడని ఈ నిబంధన చెబుతోంది. మామూలు రోజుల్లో ఈ అన్యాయాన్ని గొణుక్కుంటూ భరిస్తాం. ఇంట్లో మనిషి చివరి దశలో ఉన్నప్పుడు భరించలేం. ఎండిపోయిన బోర్లున్న ఆ పొలం అప్పటికే వడ్డీ వ్యాపారి దగ్గర ఉంటుంది, పాసుపుస్తకంలో మాత్రం రైతు పేరే ఉంటుంది.

ఇంటికి ఒకే పింఛను అన్న నియమం రెండో అడ్డు. తల్లికి వృద్ధాప్య పింఛను వస్తోందని చావుబతుకుల్లో ఉన్న కొడుకుకు లేదనడం తగదు. డయాలసిస్ రోగుల విషయంలో ఈ నియమానికి సడలింపు ఉంది. అదే ఇక్కడా వర్తించాలి.

ముఖ్యమైన మాట: గడువు

మొత్తం ఎంత, అర్హత ఏమిటి అన్నవాటికన్నా ఎప్పుడు వస్తుందన్నది ముఖ్యమని ఈ సభ అభిప్రాయపడుతోంది. కొత్త పింఛన్లు విడతలవారీగా మంజూరవుతాయి. దరఖాస్తు, విచారణ, ఎంపీడీవో లాగిన్, జిల్లా ఆమోదం, తర్వాతి విడత. ఆరోగ్యంగా ఉన్న వృద్ధుడు ఈ వరసలో నిలబడగలడు, ఆలస్యమైనా చివరికి అందుకుంటాడు. మూడు నెలలో ఆరు నెలలో మిగిలిన మనిషికి అదే ఆలస్యం తిరస్కారంతో సమానం. దరఖాస్తును ఎక్కడా తిరస్కరించరు; దరఖాస్తుదారు పోతాడు, పేరు తీసేస్తారు, అంతే.

ప్రభుత్వానికి వేగం చేతకాదని ఎవరూ అనలేరు. పింఛను తీసుకుంటున్న భర్త చనిపోతే భార్యకు స్పౌజ్ కేటగిరీ కింద మరుసటి నెల నుంచే పింఛను ఇచ్చే పద్ధతి 2024 చివరిలో వచ్చింది. ఆ ఏర్పాటును సభ అభినందిస్తోంది. చావు తర్వాత నెలలోపు కదిలే ఫైలు చావుకు ముందు ఎందుకు కదలదన్నదే మా ప్రశ్న.

బండ్ల విషయంలోనూ ఇదే తీరు. కాన్పయిన తల్లిని బిడ్డతో సహా ఇంటికి చేర్చడానికి తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్ ఉంది. ఆసుపత్రిలో చనిపోయిన మనిషిని ఊరు చేర్చడానికి మహాప్రస్థానం ఉంది. రెండూ ఉచితం. బతికుండగా, ఇక ఇంటికి తీసుకుపొమ్మన్న మనిషికి మాత్రం ఏ బండీ లేదు. 108 ఆసుపత్రికి తీసుకుపోతుంది గానీ ఇంటికి తీసుకురాదు. కుటుంబం ప్రైవేటు అంబులెన్సు మాట్లాడుకోవాలి, లేదా రోగిని రాత్రి బస్సులో వెనక సీటు మీద పడుకోబెట్టి తేవాలి. మా ఊరికి రెండు విధాలుగానూ వచ్చినవారు ఉన్నారు.

రాజ్యాంగంలో, ఇతర చోట్ల

రాజ్యాంగంలోని 41వ అధికరణం వృద్ధాప్యం, నిరుద్యోగం, వైకల్యంతో పాటు అనారోగ్యంలో కూడా ప్రజలకు సహాయం అందించాలని రాజ్యానికి చెబుతోంది. గౌరవంగా మరణించే హక్కు జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2018 మార్చి 9న చెప్పింది. ఆ తీర్పును జనం వెంటిలేటర్ తీసేసే హక్కుగానే అర్థం చేసుకున్నారు. వెంటిలేటర్ ముఖమే చూడని పల్లె మనిషికి ఆ గౌరవం ఎలా ఉండాలి? నొప్పి లేకుండా, అప్పు చేయకుండా, సొంత మంచం మీద పోగలగడమే ఆ గౌరవమని మేము చదువుకుంటున్నాం.

ఒక చోట మాత్రం మన దేశం ఈ మనుషుల పేరు ఎప్పుడో రాసుకుంది. అంత్యోదయ అన్న యోజనను 2003లో విస్తరించినప్పుడు, జీవనాధారం లేని వితంతువులు, దివ్యాంగులు, వృద్ధులతో పాటు చివరి దశ రోగులు పెద్దదిక్కుగా ఉన్న కుటుంబాలను కూడా చేర్చారు. అలాంటి ఇంటికి నెలకు 35 కిలోల ధాన్యం రావాలి. ఈ సభకు హాజరైనవారిలో ఆ సంగతి తెలిసినవారు ఎవరూ లేరు.

కేరళ 2008లోనే ఉపశమన సేవలకు రాష్ట్ర విధానం తెచ్చింది. అక్కడి పంచాయతీలు తమ నిధులతో నర్సును పెట్టుకుని, బండి ఏర్పాటు చేసి, మంచాన ఉన్నవారి ఇళ్లకు పంపుతాయి. మంచాన ఉన్న మనిషిని చూసుకునేవారికి ఆశ్వాసకిరణం పథకం కింద నెలకు 600 రూపాయలు ఇవ్వాలని అక్కడి ప్రభుత్వం నిర్ణయించింది. 600 పెద్ద మొత్తమేమీ కాదు. కానీ రోగిని చూసుకోవడం కూడా పనేనని ఒక ప్రభుత్వం ఒప్పుకున్నట్టు. కరువు ఏడాదుల్లో మా ప్రాంతం నుంచి కేరళకు కూలికి పోయినవారు ఎందరో. ఆ రాష్ట్రం పేరు మాకు కొత్త కాదు. తమిళనాడు 2021 ఆగస్టులో మొదలుపెట్టిన 'మక్కళై తేడి మరుత్తువం' కార్యక్రమంలో బీపీ, షుగర్ మాత్రలతో పాటు ఉపశమన సేవ కూడా ఇంటికే వస్తుంది. కర్ణాటకకు 2016 నుంచి విధానం ఉంది. బెంగళూరులో కరుణాశ్రయ 1999 నుంచి, హైదరాబాదులో స్పర్శ్ హాస్పీస్ 2011 నుంచి చివరి దశ క్యాన్సర్ రోగులను డబ్బు తీసుకోకుండా చూసుకుంటున్నాయి. వారికి నమస్కారం. కానీ మా ఊరి మనిషి చివరి రోజుల్లో కోరేది సొంత ఇంటిని. సేవే ఇంటికి రావాలి.

బ్రిటన్‌లో 1990 నుంచి ఒక ప్రత్యేక నియమం ఉంది. ఆరు నెలలకు మించి బతకకపోవచ్చని డాక్టరు రాసిస్తే, మామూలు విచారణలు, నిరీక్షణ కాలం లేకుండా భత్యం అధిక రేటులో మంజూరవుతుంది. చాలా జబ్బుల్లో ఆరు నెలలని చెప్పడం ఏ డాక్టరు వల్లా కాదని తేలాక 2022 నుంచి దాన్ని పన్నెండు నెలలకు పెంచుతూ వచ్చారు. స్కాట్లండ్ ఇంకో అడుగు వేసి నెలల లెక్కే తీసేసింది; చివరి దశ అని డాక్టరు భావిస్తే చాలు. ఈ మూడు దారుల్లో స్కాట్లండ్‌దే మాకు సరైనదిగా తోచింది. "ఇంకెన్నాళ్లు" అన్న ప్రశ్నకు సంతకం పెట్టమంటే మన పీహెచ్‌సీ డాక్టరు భయపడతాడు, పెట్టడు.

నొప్పి మందు

క్యాన్సర్ నొప్పికి నోటితో వేసుకునే మార్ఫిన్ మాత్ర ఖరీదైనది కాదు. దాని ముడిసరుకైన నల్లమందు మన దేశంలోనే ప్రభుత్వ అనుమతితో పండుతుంది. అయినా మాత్ర మా చేతికి రాదు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కింద ఒక్క సీసా దగ్గర పెట్టుకోవాలన్నా రకరకాల లైసెన్సులు తీసుకోవాల్సి వచ్చేది. ఆ చట్టాన్ని 2014లో సవరించారు. 2015 నిబంధనల ప్రకారం, గుర్తింపు పొందిన వైద్య సంస్థకు రాష్ట్ర ఔషధ నియంత్రణ అధికారి అనుమతి ఒక్కటి ఉంటే చాలు. చట్టం దారి ఇచ్చి పదేళ్లు దాటింది. రోగులు మాత్రం ఇప్పటికీ పారాసెటమాల్‌తో, కేకలతో రాత్రులు గడుపుతున్నారు. ఆ కేకలు వీధి వీధంతా వింటుంది. ఇది అతిశయోక్తి కాదు, సభలో కూర్చున్న ప్రతి ఒక్కరికీ తెలిసినదే.

ప్రపంచంలో ఏటా 5.68 కోట్ల మందికి ఉపశమన సేవ అవసరమని, అందులో సుమారు 14 శాతం మందికే అది అందుతోందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. కేంద్రం 2012లో జాతీయ ఉపశమన సేవల కార్యక్రమాన్ని ప్రకటించింది. ఆయుష్మాన్ ఆరోగ్య మందిరాలు ఇవ్వాల్సిన పన్నెండు రకాల సేవల్లో వృద్ధుల సంరక్షణతో పాటు ఇదీ ఒకటి. మా విలేజ్ హెల్త్ క్లినిక్ గోడ మీద ఆ పన్నెండూ రాసినా, బీపీ చూసి మాత్రలు ఇవ్వడం వరకే పని సాగుతోంది. అక్కడి మధ్యస్థాయి ఆరోగ్య కార్యకర్త (ఎంఎల్‌హెచ్‌పీ) తప్పు కాదిది. ఆమెకు శిక్షణ లేదు, మందు లేదు, బండి లేదు.

ఈ జిల్లాయే ఎందుకు

ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న దేశంలో తొలిసారి మొదలైంది ఈ జిల్లాలోనే, నార్పల మండలం బండ్లపల్లిలో. ఆరోగ్యశ్రీని 2007 ఏప్రిల్ 1న ప్రయోగాత్మకంగా మొదలుపెట్టిన మూడు జిల్లాల్లో శ్రీకాకుళం, మహబూబ్‌నగర్‌తో పాటు అనంతపురం ఒకటి. కరువు నేల కాబట్టే ఇక్కడ మొదలుపెట్టారు. ఇక్కడ నిలిచిన పథకం ఎక్కడైనా నిలుస్తుందన్న లెక్క అందులో ఉంది. పనిచేయగలిగిన చేతికి పని, నయమయ్యే జబ్బుకు చికిత్స అన్న రెండు మాటలూ ఈ నేల మీద నుంచే దేశానికి వెళ్లాయి. పనిచేయలేని, నయం కాని మనిషి గురించిన మాట కూడా ఇక్కడి నుంచే వెళ్లాలని కోరడం అత్యాశ కాదు.

సభలో వచ్చిన అభ్యంతరాలు

ఒక పెద్దాయన లేచి, "పోయే ప్రాణానికి పింఛను దేనికి, అదే డబ్బు చదువుకునే పిల్లకాయలకిస్తే ఉపయోగం" అన్నారు. ఆ మాటను దాచకుండా నమోదు చేస్తున్నాం, ఎందుకంటే ప్రభుత్వ కార్యాలయాల్లో కూడా కొందరు ఇలాగే అనుకుంటారు, పైకి అనరు. సభ ఇచ్చిన జవాబు: తండ్రి మంచాన ఉన్నప్పుడు బడి మానేది ఆ పిల్లకాయే. మొదట కూతురు, తర్వాత కొడుకు. ఈ పింఛను తినేది రోగి ఒక్కడు కాదు.

రెండో అభ్యంతరం దొంగ సర్టిఫికెట్ల గురించి. దివ్యాంగుల పింఛన్లలో అనర్హులున్నారని 2025లో ఇంటింటి తనిఖీలు జరిగాయి. నిజమైన అర్హులు కూడా మళ్లీ ఆసుపత్రుల చుట్టూ తిరిగారు. ఇందులోనూ అదే జరగదా అని అడిగారు. సభ అభిప్రాయం వేరు. చివరి దశ రోగినని చెప్పుకుని ఏళ్ల తరబడి ఊళ్లో తిరగడం ఎవరికీ సాధ్యం కాదు. దొంగ దరఖాస్తు ఏడాది తిరిగేసరికి తానే బయటపడుతుంది. పైగా ఏ ఊళ్లోనైనా ఒక సమయంలో ఇలాంటివారు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే ఉంటారు, ఎక్కువ కాలం ఉండరు. ఖజానాకు ఇది మోయలేని భారం అనేవారు ముందు ఆ లెక్క తీసి చూపించాలి.

తీర్మానం

పై కారణాలన్నింటి దృష్ట్యా ఈ గ్రామ సభ ఇలా తీర్మానిస్తోంది:

1. ఎన్టీఆర్ భరోసాలో ఉపశమన సేవ పింఛను పేరుతో కొత్త కేటగిరీ ఏర్పాటు చేయాలి. డయాలసిస్ రోగులతో సమానంగా నెలకు 10,000 రూపాయలు, పూర్తిగా మంచానికి పరిమితమైతే పక్షవాత రోగులతో సమానంగా 15,000 ఇవ్వాలి. పీహెచ్‌సీ వైద్యాధికారి గానీ, చికిత్స చేసిన ప్రభుత్వ ఆసుపత్రి గానీ, ఎన్టీఆర్ వైద్య సేవ అనుబంధ ఆసుపత్రి గానీ ఇచ్చే ఒక్క కాగితం చాలు. అందులో నెలల లెక్క అడగకూడదు. సదరం శాతం, భూమి, కరెంటు యూనిట్ల పరిమితులు, ఇంటికి ఒకే పింఛను నియమం దీనికి వర్తించకూడదు. రోగికి వేరే పింఛను ఉంటే రెండింటిలో పెద్దది ఇవ్వాలి. కాగితం సచివాలయానికి చేరిన తర్వాత వచ్చే ఒకటో తేదీనే మొదటి పింఛను ఇంటికి రావాలి. విచారణ ఏదైనా ఉంటే అది డబ్బు ఇచ్చాక చేసుకోవాలి. మనిషి ఏడాది దాటి బతికితే సంతోషం; ఇచ్చిన డబ్బు వెనక్కి అడగకుండా, ఆసుపత్రికి పిలవకుండా, ఇంటి దగ్గరే ఒకసారి చూసి కొనసాగించాలి.

2. మా ఇళ్లలో చాలా మంది రోగులకు వారి జబ్బు పేరు తెలియదు, ఇంట్లోవాళ్లు చెప్పరు. అది మంచా చెడా అన్న వాదన ఇక్కడ అనవసరం. ఒకటో తేదీ పొద్దున గడప దగ్గర నిలబడిన ఉద్యోగి ఫోన్‌లో చూసి చదివే మాట వల్ల రోగికి ఆ సంగతి తెలియకూడదు. పింఛను కార్డు మీద, రసీదులో, ఉద్యోగి తెర మీద చివరి దశ, మరణం అన్న మాటలు ఉండకూడదు. సచివాలయం గోడ మీద అంటించే లబ్ధిదారుల జాబితాలో ఈ కేటగిరీ పేర్లు పెట్టకూడదు. తనిఖీ కోసం అవి అధికారుల దగ్గర ఉంటే సరిపోతుంది.

3. రోగిని చూసుకుంటూ కూలి పోగొట్టుకున్న ఒక కుటుంబ సభ్యునికి, సాధారణంగా అది ఆడమనిషే, నెలకు కనీసం పదిహేను రోజుల కూలికి సమానమైన భృతి ఇవ్వాలి.

4. అంత్యోదయ నిబంధనల్లో ఇప్పటికే ఉన్న అర్హతను అమలు చేసి, చివరి దశ రోగి పెద్దదిక్కుగా ఉన్న పేద కుటుంబానికి 35 కిలోల కార్డు ఇవ్వాలి. 65 ఏళ్లు దాటినవారికి, దివ్యాంగులకు 2025 జూన్ నుంచి రేషన్ ఇంటికే ఇస్తున్నట్టు ఈ ఇళ్లకూ ఇవ్వాలి.

5. అనంతపురం సర్వజన ఆసుపత్రిలోనూ, కళ్యాణదుర్గం, గుంతకల్లు, తాడిపత్రి ప్రభుత్వ ఆసుపత్రుల్లోనూ నోటి మార్ఫిన్ ఎప్పుడూ నిల్వ ఉండాలి. దాన్ని రాయడం తెలిసిన డాక్టరు ఉండాలి. మాత్ర ఏ ఆసుపత్రిలో, ఏ వారం, ఎవరి దగ్గర దొరుకుతుందో ప్రతి పీహెచ్‌సీ గోడ మీద తెలుగులో రాయించాలి. మండలానికి ఒక నర్సుకు ఉపశమన సేవలో శిక్షణ ఇచ్చి, వారానికొకసారి ఇళ్లకు తిరిగేలా బండి ఇవ్వాలి. ఊరికి వచ్చే 104 వాహనంలోని డాక్టరు మంచాన ఉన్నవారిని ఇంటికి వెళ్లి చూడాలి. ఈ జిల్లా పల్లెల్లో 1969 నుంచి పనిచేస్తూ కళ్యాణదుర్గం, కణేకల్లు, బత్తలపల్లిలో ఆసుపత్రులు నడుపుతున్న ఆర్డీటీ వంటి సంస్థల సహకారాన్ని జిల్లా యంత్రాంగం కోరాలి.

6. ఇంటికి పంపేసిన రోగిని ఊరు చేర్చడానికి ఉచిత వాహనం ఏర్పాటు చేయాలి. తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్ బండ్లనే ఇందుకూ వాడుకోవచ్చు. క్యాన్సర్ రోగులకు రైల్వే ఇచ్చే రాయితీ సంగతి డిశ్చార్జి కాగితంతో పాటే రోగి బంధువులకు చెప్పాలి.

7. మనిషి నెల మధ్యలో పోతే ఆ నెల పింఛను కుటుంబానికే చెందాలి. సంపాదించే మనిషిని కోల్పోయిన పేద కుటుంబానికి జాతీయ కుటుంబ ప్రయోజన పథకం కింద రావాల్సిన 20,000 రూపాయల దరఖాస్తును సచివాలయమే నింపాలి. ఇంట్లో పోయినవారి మరణ నమోదును పంచాయతీ కార్యదర్శి ఇంటికి వెళ్లి పూర్తి చేయాలి.

8. పంచాయతీ తన వంతుగా చేసేవి. ఏఎన్‌ఎం, ఆశా కార్యకర్త, కార్యదర్శి కలిసి మంచాన ఉన్నవారి జాబితా తయారు చేసి, ప్రతి నెలా సవరించి, బయటకు పొక్కకుండా ఉంచాలి. సాధారణ నిధుల నుంచి రెండు గాలి పరుపులు, రెండు చక్రాల కుర్చీలు, రెండు కమోడ్ కుర్చీలు కొని అవసరమైన ఇంటికి అరువిచ్చి, పని అయ్యాక తిరిగి తీసుకోవాలి. ఎండాకాలంలో ట్యాంకరు వచ్చినప్పుడు ఈ ఇళ్లకు నీళ్లు ముందుగా పోయించాలి. రోగిని వదిలి బిందెల వరసలో నిలబడమని ఎవరినీ అడగకూడదు. పుండు కట్టడం, పక్క మార్చడం, పక్కపుండ్లు రాకుండా చూడటం నేర్చుకోవడానికి ఊరి నుంచి నలుగురు ఆడవాళ్లు, ఇద్దరు యువకులు ముందుకొచ్చారు. వారి శిక్షణకు మండల వైద్యాధికారిని కోరాలి. వచ్చే ఏటి గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలో ఈ పనులన్నింటికీ విడి పద్దు రాయాలి.

9. ఈ తీర్మానం నకళ్లను పదిహేను రోజుల్లోగా ఎంపీడీవోకు, జిల్లా వైద్య ఆరోగ్యశాఖాధికారికి, డీఆర్‌డీఏ పథక సంచాలకులకు, జిల్లా కలెక్టరుకు, నియోజకవర్గ శాసనసభ్యులకు, గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థకు, వైద్య ఆరోగ్యశాఖ ముఖ్య కార్యదర్శికి స్పీడ్ పోస్టులో పంపాలి. చుట్టుపక్కల గ్రామ పంచాయతీలకు కూడా ఒక్కో నకలు ఇచ్చి, వారి సభల్లో చర్చించి తగిన మార్పులతో ఆమోదించుకోమని కోరాలి.

ప్రతిపాదించినవారు: మహిళా సంఘాల తరఫున ఒక సభ్యురాలు. బలపరచినవారు: రైతుల తరఫున ఒక సభ్యుడు. 3వ అంశం మీద ఒకరు భిన్నాభిప్రాయం తెలిపారు. భృతి నగదుగా కాకుండా పోస్టాఫీసు ఖాతాలో వేయాలని వారి సూచన. మిగతా అంశాలన్నీ ఏకగ్రీవంగా ఆమోదం పొందాయి. మొదట అభ్యంతరం చెప్పిన పెద్దాయన కూడా చెయ్యెత్తారు.

మూడు నెలల్లోగా ప్రభుత్వం నుంచి జవాబు రాకపోతే, తర్వాతి గ్రామ సభ ఈ విషయాన్నే మొదటి అంశంగా చేపడుతుంది.